వచ్చే వారం అని చెప్పిన అబద్ధం

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, ఈ నాలుగు మాటలు రాయమని మా పాస్టరుగారు అడిగి ఏడాది దాటింది. ఇన్నాళ్లూ రాయలేకపోయాను. నా సాక్ష్యంలో జబ్బు నయమైన సంగతి లేదు, పోయిన డబ్బు తిరిగి వచ్చిన సంగతీ లేదు. ఒక మనిషిని పది నెలలు అబద్ధంతో తిప్పుతూ, నేనూ లోపల చచ్చిపోతూ, పొద్దున మంచం దిగడానికి కూడా మనసు రాని స్థితిలో ఉన్న నన్ను దేవుడు ఎలా లేపాడో అంతవరకే చెప్పగలను. ఆయనకే మహిమ.

నా పేరు సుందరరాజు, మాది బుక్కరాయసముద్రం. ఇంటర్నెట్ మా వైపు కొత్తగా వచ్చిన రోజుల్లో అనంతపురంలో ఒక గది బాడుగకు తీసుకుని పిల్లలకు కంప్యూటర్ నేర్పేవాణ్ణి. సంఘంలో అందరూ కంప్యూటర్ సారు అనేవారు, ఆ పిలుపు నాకు తలకెక్కింది.

ధర్మవరం వైపు ఒక పల్లెలో ఓబులేసన్న అని తోలుబొమ్మలు చేసే ఆయన ఉండేవాడు. బొమ్మలాట చూసేవాళ్లు తగ్గిపోయాక, మేకతోలును పలచగా గీకి, రంగులద్ది, లాంప్‌షేడ్లు చేసి అమ్ముకునేవాడు. వాటి ఫోటోలు ఇంటర్నెట్‌లో పెడితే విదేశాలవాళ్లు కొంటారని ఆయనకు ఆశ పెట్టింది నేనే. అప్పట్లో నాలాంటి చిన్నవాడికి కార్డుల మీద డబ్బు తీసుకునే ఏర్పాటు ఏ బ్యాంకూ ఇవ్వలేదు, అందుకని విదేశంలో ఉన్న ఒక మధ్యవర్తి కంపెనీలో చేరాను. కొన్నవాళ్ల కార్డు నుంచి ఆ కంపెనీ డబ్బు తీసుకుని, తన కమిషన్ పట్టుకుని, మిగతాది కొన్ని వారాలకు నా బ్యాంకుకు పంపేది. మొట్టమొదట ఎవరో ఒకామె ఒకే ఒక్క లాంప్‌షేడ్ కొన్నది. ఆ డబ్బు ఓబులేసన్న చేతిలో పెడితే ఆయన నోట్లను తిప్పి తిప్పి చూసి, "మొగం తెలియని మనిషి మనల్ని నమ్మి దుడ్లు పంపినాది సారూ. మంచోళ్లు యాడైనా ఉండారు" అన్నాడు.

ఆ తర్వాత ఒకేసారి అరవై లాంప్‌షేడ్లకు ఆర్డరు వచ్చింది. పంపాల్సిన చిరునామా ఒక్కటే, డబ్బు కట్టిన కార్డులు మాత్రం నాలుగు, నాలుగింటి మీదా వేర్వేరు పేర్లు. సహోదరులారా, అది నేను చూశాను. చూడలేదని దేవుని ముందు చెప్పలేను. గట్టిగా అడిగితే ఆర్డరు పోతుందేమోనని ఊరుకున్నాను. తోళ్లు కొనడానికి ఓబులేసన్న తనకున్న మేకలన్నీ అమ్మాడు. ఆయనా, ఆయన భార్య నాగమ్మా రెండు నెలలు వంచిన నడుం ఎత్తకుండా పని చేశారు. పెట్టెల్లో సర్ది పంపించాను.

సరుకు చేరిన కొన్నాళ్లకు కంపెనీ నుంచి ఈమెయిల్ వచ్చింది. ఆ నాలుగు కార్డులూ దొంగిలించినవట. కార్డుల అసలు మనుషులు, మేము ఏమీ కొనలేదని ఫిర్యాదు చేస్తే, నాకు రావలసిన డబ్బు వాళ్లకు తిరిగి ఇచ్చేశారట. సరుకు తీసుకున్నవాడెవడో ఎవరికీ తెలియదు. నా ఖాతా కూడా మూసేశారు.

ఆ సోమవారం ఓబులేసన్న వచ్చాడు. "వచ్చినాయా సారూ దుడ్లు?" అన్నాడు.

"బ్యాంకులో ఆలస్యమైతాండాదన్నా. వచ్చే వారం వస్తాయి" అన్నాను.

ఆ రోజే నిజం చెప్పి ఉంటే నష్టం అక్కడితో ఆగేది. చెప్పలేదు. ప్రతి సోమవారం ఆయన బస్సెక్కి వచ్చి, పిల్లల క్లాసు అయ్యేదాకా మెట్ల మీద కూర్చునేవాడు. ఒక వారం బ్యాంకు మీద, ఒక వారం డాలరు మీద, ఒక వారం ఆ దేశంలో సెలవుల మీద నెట్టేవాణ్ణి. కంప్యూటర్ చెప్పిందంటే ఆయనకు నమ్మకం. ఒక్కనాడూ గొంతు పెంచలేదు. తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేదేమో.

నేను ప్రార్థన మానలేదు. "ప్రభువా, ఆ డబ్బు ఎలాగైనా రప్పించు, నన్ను పదిమందిలో సిగ్గుపడనియ్యకు" అని రోజూ ఏడ్చేవాణ్ణి. జవాబు లేదు. ప్రభువు బల్ల నాడు రొట్టె పళ్లెం నా ముందుకు వస్తే, పాపం దాచుకుని తినకూడదని, ముట్టకుండా పక్కకు అందించేవాణ్ణి. తిండి సయించలేదు, పాఠం చెప్తూ మధ్యలో ఆగిపోయేవాణ్ణి, పిల్లలు మానుకున్నారు, గది ఖాళీ చేశాను. నేను లేకపోతే అందరికీ మేలు కదా అనే ఆలోచన రోజంతా నాతోనే తిరిగేది.

గది ఖాళీ చేశాక మా ఇంటికే వస్తున్న ఓబులేసన్న ఒక సోమవారం రాలేదు. రెండో సోమవారమూ రాలేదు. నాకు హాయిగా అనిపించింది. ఒక మనిషి ఉన్నాడో లేడో తెలియకపోతే నాకు హాయిగా ఉందా అని ఆలోచించి, నన్ను చూసి నేనే భయపడ్డాను. వంటింట్లో ఉన్న నా భార్య కమల దగ్గరికి పోయి మొదటినుంచీ అంతా చెప్పాను. ఆమె పొయ్యి ఆర్పి, నా ఎదురుగా కూర్చుని అంతా విన్నది. చివరికి, "దుడ్లు పోతే పోయినాయి. ఆ మనిషి దగ్గరికి పో నువ్వు" అన్నది. ఇద్దరం అక్కడే మోకరించాం. "ప్రభువా, డబ్బు అడగను. నేను అబద్ధికుణ్ణి. నిజం చెప్పే ధైర్యమియ్యి" అని మాత్రం అడిగాను. పది నెలల్లో నేను చేసిన మొదటి ప్రార్థన అదే అనుకుంటాను.

మరుసటి పొద్దున బస్సెక్కాను. ఓబులేసన్న ఇంట్లోనే ఉన్నాడు, ఆయనా నాగమ్మా ఊరు విడిచి పోవడానికి మూటలు కట్టుకుంటున్నారు. నిలబడే చెప్పాను.

"అన్నా, ఆ దుడ్లు రావు. అవి దొంగ కార్డులు. నాకు అప్పుడే అనుమానం వచ్చినాది, ఊరుకుండిపోయినాను. వచ్చే వారం అన్నదంతా అబద్ధమన్నా."

ఆయన మూట ముడి వేస్తూనే ఉన్నాడు. ముడి బిగించి అన్నాడు: "మా నాయన చేసిన బొమ్మలు పెట్టెడు ఉండె. పోయిన నెల అమ్మేసినాను. వారం తాళితే దుడ్లొస్తాయి, కూలికి పోవద్దని ఈమెను ఆపినోణ్ణి నేనే. నువ్వు ఆ పొద్దే చెప్పింటే బెంగళూరుకు పోయి మట్టిపనైనా చేసుకుంటాంటిమి. బొమ్మలు ఉండేవి గదప్పా."

ఆయన సారూ అనకపోవడం అదే మొదటిసారి. నేను ఏడుస్తూ నేల మీద కూలబడ్డాను. ఆయన క్షమించానని అనలేదు. భార్యతో మాత్రం, "నీళ్లియ్యి ఆయప్పకు. ఎండలో వచ్చినాడు" అన్నాడు.

వాళ్లు బెంగళూరు వెళ్లిపోయారు. నేను వేరేవాళ్ల దగ్గర టైపింగు పనికి కుదిరి, నెలనెలా కొంత తీసుకెళ్లి ఇస్తున్నాను. ఆ బొమ్మల కోసం, వాటిని కొన్న వ్యాపారి దగ్గరికి మూడుసార్లు పోయాను, అవి ఎప్పుడో చేతులు మారిపోయాయి. ఇక దొరకవు. ఆ దుఃఖం నాకు ఉంది, ఉండాలి కూడా. కానీ ఆ వచ్చిన ఆదివారం ప్రభువు బల్లలో రొట్టె తీసుకున్నాను, ఆ రోజునుంచి చావాలనే ఆలోచన నా దగ్గరికి రాలేదు. నేను అడిగిన డబ్బు ఇవ్వనందుకు ఇప్పుడు దేవునికి స్తోత్రం చెల్లిస్తున్నాను, ఇచ్చి ఉంటే నేను పైకి పెద్దమనిషిగా, లోపల దొంగగా బతికేవాణ్ణి.

ఇది చదువుతున్న మీలో ఎవరైనా, ఒక మనిషికి చెప్పాల్సిన నిజం చెప్పలేక కుళ్లిపోతుంటే, ఈ రోజే బయలుదేరండి. ఎదుటివాళ్లు క్షమిస్తారని నేను మాట ఇవ్వలేను. పోగొట్టింది తిరిగి వస్తుందనీ చెప్పలేను. వెళ్లే దారిలో మాత్రం ప్రభువు మిమ్మల్ని ఒంటరిగా పంపడు, ఆయనను నమ్మండి.