ఉడుము కడుపులో మా అబ్బ

నిన్న పొద్దున పదకొండు గంటలకు తమ్ముడి ఫోన్.

మంగంపేట ఆఫీసులో ఉన్నాను. "అక్కా, అబ్బ పోయినాడు" అన్నాడు. అంతే, కట్ చేశాడు.

నాకు ఏడుపు రాలేదు. భయం వేసింది.

తొంభై దాటిన మనిషి పోతే భయమెందుకే అంటారేమో. అనండి. ఆయన లేని రోజు ఒక్కటి కూడా నేను చూడలేదు ఇంతవరకూ. కర్నూలు దాకా బస్సులో ముందు సీటు కమ్మీ పట్టుకునే కూర్చున్నాను. పక్కనామె "ఏమ్మా, ఒంట్లో బాగలేదా?" అని రెండుసార్లు అడిగింది.

మా అబ్బ చౌడప్ప. మా నాన్నకు నాన్న. నేతపని. మా ఊళ్లో ఆయన్ని అందరూ "ఉడుమబ్బ" అనేవాళ్లు. ఎందుకో ఇప్పటి పిల్లలకు తెలీదు. ఆయన నాకు వందసార్లు చెప్పిన కథ, మీకు ఒక్కసారి చెప్తాను.

స్వాతంత్ర్యం రావడానికి ముందు ఏడాది. మద్రాసు నుంచి ఒక సినిమా కంపెనీ ఓర్వకల్లు కొండల్లో షూటింగ్‌కి దిగింది. కత్తి పట్టిన వీరుడొకడు, నిప్పులు కక్కే డ్రాగన్ ఒకటి. చంపడానికి పోయిన వీరుడు దానితో స్నేహం చేస్తాడు. ఇంటిల్లిపాదీ చూసే సినిమా.

డ్రాగన్ అంటే మనవాళ్లకేం తెలుసు? చూసి "రెక్కల ఉడుము" అన్నారు. ఆ పేరే ఖాయమైంది.

వెదురు బద్దలు కట్టి పైన ముతక బట్ట కప్పారు. ఆ బట్ట మా ఇంట్లో నేసిందే. తోలు గరుగ్గా కనబడాలని గంజి మీద గంజి పట్టించి ఎండబెట్టారు. లోపల ఇద్దరు మనుషులు, ముందుకాళ్లకు ఒకరు, వెనకకాళ్లకు ఒకరు.

ముందుండే మనిషి ఆ ఉక్కకు సొమ్మసిల్లి పడిపోయాడు. అప్పుడే బట్టల మూట దింపుతున్న మా అబ్బకు పదిహేడేళ్లు.

"నేసినోడివి నువ్వే దూరప్పా లోపలికి" అన్నారు ఎవరో.

దూర్చారు. బయటికి జారకుండా నడుముకు తాళ్లు బిగించారు.

వీరుడు ఉడుము మెడ మీద ఎక్కి, బండ అంచు వెంబడి నడిపించుకుంటూ రావాలి. అదీ సీను. మెడ అంటే మా అబ్బ భుజాలు. బండకు ఒక పక్క లోయ, అడుగున నీళ్లు. లోపల మా అబ్బకు ఏమీ కనబడదు. చూడ్డానికి గొంతు దగ్గర చిన్న బొక్క ఉండాలట, గంజి పట్టించేటప్పుడు అది కూడా పూడిపోయింది. ఆ సంగతి వీరుడు మెడ మీద ఎక్కినాక గానీ తెలీలేదు. అరిచాడు. గాలికి ఎవరికీ వినబడలేదు. అవతలి బండ మీద నుంచి "నడువ్, నడువ్" అని కేకలు.

నాలుగడుగులు వేశాడు. ఐదో అడుగు కింద రాయి కదిలింది. కాలు సగం గాల్లో ఉంది.

వీరుడి వేషం కర్నూలు నాటకాల ఖాదర్ సాయిబుది. రేకు కవచం, పెద్ద మీసం. రాయి కింద పడిన చప్పుడు ఆయనకూ వినబడింది. ఉడుము చెవి దగ్గరికి వంగాడు.

"ఏమప్పా, కింద ఉండేది ఎవురు? నాకు శానా భయమైతాండాది."

"నాకూ భయమే సాయిబూ. కండ్లు కనపడల్యా. యాడ కాలు పెడ్తాండానో తెలీదు."

"యా అల్లా! కదలద్దు. నా కండ్లు ఉండాయి కదా, నేను చెప్తా. ఎడమ కాలు కొంచెం ఎనక్కి. ఇంకొంచెం. ఆఁ, ఆడ గట్టిగా ఉండాది."

మగ్గం గుంటలో చూడకుండానే కాళ్లు ఆడించే అలవాటే ఆ రోజు కాపాడిందనేవాడు అబ్బ. సాయిబు ఎడమ అంటే ఎడమ, కుడి అంటే కుడి, ఒక్కొక్క కాలు. వెనకకాళ్ల మనిషి అబ్బ నడుము పట్టుకుని అలాగే అడుగులేశాడు. మెడ మీద ఆయన కూడా గడగడ వణుకుతూనే ఉన్నాడట, రేకు కవచం చప్పుడు లోపలికి వినబడేదట.

అవతలికి చేరారు. తాళ్లు విప్పితే అబ్బ, సాయిబు ఒకర్నొకరు పట్టుకుని బండ మీద కూలబడ్డారు.

తర్వాత కర్నూలులో టెంటులో ఆ సినిమా చూశాడు అబ్బ. వీరుడు వంగి చెవిలో గుసగుసలాడే చోట వీణ వాయించారు. పక్కన ఆడవాళ్లు "ఎంత స్నేహమో చూడు" అని కళ్లు తుడుచుకున్నారట. 

ఖాదర్ సాయిబు బతికినంతకాలం రంజాన్‌కు మా ఇంటికి సేమ్యా వచ్చేది. ఆయన పోయినప్పుడు పైన కప్పిన తెల్లబట్ట మా అబ్బ నేసిందే.

ఇక నేను చేసిన పని చెప్పాలి. దీనికోసమే ఈ పోస్ట్ మొదలుపెట్టాను.

మొన్న ఆదివారం కర్నూలు హాస్పిటల్లో అబ్బ నా చెయ్యి పట్టుకున్నాడు. ఆక్సిజన్ మాస్క్ పక్కకు జరిపి, "పాపా, నాకు భయమైతాండాది. నీకూ భయమైతాండాదా?" అని అడిగాడు.

 నవ్వాను. "నాకేం భయం అబ్బా! నీకేం కాదు. మంగళవారం ఇంటికి పోదాం" అన్నాను.

ఆయన "సరేమ్మా" అని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నేను ఆఖరి బస్సు టైమైందని వచ్చేశాను.

ధైర్యం చెప్పానని అనుకున్నాను. నిన్న బస్సులో తెలిసింది నేనేం చేశానో. ఆ భయంలో ఆయన్ని ఒక్కడినే వదిలేసి వచ్చాను.

అబద్ధం చెప్పాను అబ్బా. ఆ రోజు నాకూ భయమే. ఇప్పుడు ఇంకా ఎక్కువ భయంగా ఉంది.

పోయిరా అబ్బా. ఇంక వణకొద్దు, హాయిగా పడుకో.