నీళ్లు పోసే మనిషి

నాకు మరుపు తక్కువ. ఇంట్లోవాళ్లు దాన్ని జబ్బులాగా చెప్పుకుంటారు. నా మొదటి కాన్పప్పుడు ఎవరు ఏ మాట అన్నారో, ఎక్కడ నిలబడి అన్నారో ఈనాటికీ చెప్పగలను.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మా ఆయన నంద్యాలలో ఒక బియ్యం మిల్లులో గుమాస్తా. మిల్లు వెనకే, నాలుగు కుటుంబాలు ఒకే పెరడు వాడుకునే ఇంట్లో ఒక భాగం మాది. బావి ఒకటే, స్నానాల బండ ఒకటే. అందువల్ల ఒకరి కష్టం ఇంకొకరికి తెలియకపోవడమన్నది లేదు. తెలిసి ఊరుకోవడమే.

మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలి. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది కనుక పుట్టిల్లంటే కొత్తపల్లెలో మా వదిన ఇల్లే. "ఈడ మాకే పడుకునేదానికి జాగా లేదు" అని ఆమె కబురు పంపింది. మా అత్తగారి ఊరు ఆళ్లగడ్డ. మేము వేరు కాపురం పెట్టిన రోజు ఆమె, "నా గడప దాటినోళ్లు మళ్లా రావాలంటే నన్నడిగి రావాల" అన్నది. నేను అడగలేదు. ఊళ్లోనే ఆసుపత్రిలో కని, ఆడపిల్లను ఎత్తుకుని సొంత ఇంటికే వచ్చాను.

వదిన చూడవచ్చింది. పురిటి మైల అంటుతుందని వాకిట్లోనే నిలబడి, మెడ చాచి బిడ్డను చూసింది. గిన్నెలో నెయ్యి తెచ్చింది. దాన్ని నా గిన్నెలోకి వంచి, వేలితో తుడిచి, తన గిన్నె తాను తీసుకుపోయింది. నేను మంచంలోంచి ఆ వేలినే చూస్తున్నాను.

బిడ్డ సరిగా పాలు తాగేది కాదు. రెండు గుటకలు వేసి నిద్రపోయేది, లేచి ఏడ్చేది. నాకు పాలు కూడా సరిగా పడలేదు. పుట్టినప్పుడు నిండుగా ఉన్న తొడలు ముడతలు పడుతున్నాయి. ఈ సంగతి ఎవరి ద్వారా చేరిందో గానీ ఆళ్లగడ్డకు చేరింది. బస్సులో వచ్చిన ఒక బంధువు చేత మా అత్త చెప్పి పంపింది: "చేతగాకుంటే బిడ్డను ఈడికి పంపీమను. ఆవు ఉండాది, నేనుండా. ఆ మిల్లు ఊకలో బిడ్డ యాడ బతుకుతాది?"

మా ఆయన చొక్కా విప్పుతూ, "అమ్మ చెప్పేది కూడా నిజమే గదా" అన్నాడు.

ఆ "కూడా"ను నేను ఇప్పటికీ క్షమించలేదు.

"ఆదివారం దాకా సూస్తా. అప్పటికీ బిడ్డ ఇట్లే ఉంటే ఆళ్లగడ్డకు పిల్చుకపోతా. నువ్వూ రా, వద్దన్న్యానా?" అన్నాడు.

నేను వెళితే అడుక్కోవడానికి వెళ్లినట్టు. వెళ్లకపోతే బిడ్డ ఆవుపాలకు అలవాటు పడుతుంది, నాకు పడ్డ నాలుగు చుక్కలూ ఇంకిపోతాయి. ఎలా చూసినా నా బిడ్డ ఇంక ఆళ్లగడ్డ బిడ్డే. బిడ్డను నా దగ్గర ఉంచుకోవాలంటే ఆదివారానికల్లా నేనొక తల్లిలా కనబడాలి. ఎలాగో నాకు తెలియదు. ఆసుపత్రిలో నర్సు తడిగుడ్డతో తుడవమని చెప్పింది, అంతే. బిడ్డకు నీళ్లు పోయడం నేను ఎన్నడూ దగ్గరుండి చూడలేదు. మా ఇంట్లో ఆఖరి బిడ్డను నేనే.

మరుసటి పొద్దున నీళ్లు కాచుకుని స్నానాల బండ దగ్గర పీట వేసుకుని కూర్చున్నాను. బిడ్డకు ఆముదం రాసి మోకాళ్ల మీద పడుకోబెట్టుకున్నాను. ఒక చేత్తో చెంబు ఎత్తానో లేదో బిడ్డ చేపలా జారింది. చెంబు వదిలేసి పట్టుకున్నాను. బిడ్డ అరిచింది. నేను అంతకన్నా గట్టిగా అరిచాను.

బావి దగ్గర నీళ్లు తోడుతున్న పక్క భాగం ఆమె చేద వదిలేసి వచ్చింది.

"ఏమ్మే, బిడ్డకు నీళ్లు పోస్తాండావా, బిడ్డనే నీళ్లల్లో పోస్తాండావా?"

ఈమెతో నాకు మాటల్లేవు. నేను కడుపుతో ఉన్నప్పుడు నా తడి చీర నీళ్లు కారి ఆమె ఒడియాలు పాడయ్యాయి. అందుకు ఆమె పెరడంతా వినేలా, "తల్లి లేని పిల్ల, ఎవురు నేర్పిస్తారు లే" అన్నది. ఒడియాల కోసం ఎంత తిట్టినా ఊరుకునేదాన్ని. మా అమ్మ లేకపోవడాన్ని మధ్యలోకి తెచ్చింది.

"నాకు చేతనవుతాది" అన్నాను.

"అయితాది, అయితాది. సూస్తానే ఉండా గదా. లెయ్యి ఆణ్ణించి."

లేవలేదు. ఆమె నా చేతిలోంచి బిడ్డను తీసుకుంది. వంగి తీసుకుంటూ గొంతు తగ్గించి, "తల్లి లేని పిల్లవు, నీకు మాత్రం ఎవురు పోసి సూపిస్తారు" అన్నది.

అవే మాటలు. అదే మనిషి. మొదటిసారి ఎందుకు కాలిందో, ఈసారి ఎందుకు ఏడుపొచ్చిందో నేను చాలా ఏళ్లు ఆలోచించాను. మొదటిసారి కూడా ఆమె ఇదే అర్థంతో అన్నదేమో అని ఒకరిద్దరు నాకు నచ్చజెప్పబోయారు. నేను ఒప్పుకోలేదు. పెరడంతా వినబడేలా అనే జాలి జాలి కాదు.

ఆమె పీటను పక్కకు నెట్టి బండ మీదే కూర్చుంది. చీర మోకాళ్ల పైకి దోపి కాళ్లు బారచాపి, రెండు కాళ్లూ దగ్గరగా చేర్చి, ఆ సందులో బిడ్డను బోర్లా వేసుకుంది. మోకాళ్ల మీద జారిన బిడ్డ అక్కడ తొట్టిలో పడ్డట్టు కుదురుకుంది. పిండితో వీపు రుద్ది, వెల్లకిలా తిప్పి, ముక్కు నిమిరి, కుడి చేతిని ఎడమ కాలికి తాకించి, ఎడమ చేతిని కుడి కాలికి తాకించింది. నుదుటి దగ్గర అరచెయ్యి అడ్డం పెట్టి నీళ్లు పోసింది. బిడ్డ ఏడుపు ఆపేసి ఆమె ముఖంలోకి చూసింది. ఆఖరి చెంబు బిడ్డ చుట్టూ తిప్పి పారబోస్తూ "శ్రీరామరక్ష" అని నాకిచ్చింది.

"పొద్దన్నే ఏం తిన్న్యావ్?"

"చారన్నం."

"బాలింతవు చారు తాగితే పాలు యాణ్ణించి వస్తాయి? మీ మొగునికి బుద్ధి లేదా? బిడ్డను పండబెట్టి రా, నీక్కూడా పోస్తా."

కాన్పయినప్పటి నుంచి నన్ను ఎవరూ తాకలేదు. అందరూ బిడ్డనే అడిగారు, బిడ్డనే చూశారు. ఆమె నా నడుము మీద వేడినీళ్లు పోస్తుంటే వీపు దానంతటదే వంగింది. ఏడ్చాను. "పొయ్యి పొగ" అన్నాను. "ఊఁ, పొగే" అని ఇంకో చెంబు పోసింది.

ఆ రోజు నుంచి ఆమె రోజూ వచ్చింది. నా అన్నంలో వెల్లుల్లి కారం, నెయ్యి కలిపి ఎదురుగా కూర్చుని తినిపించింది. స్నానం కాగానే బిడ్డను నా రొమ్ముకు పెట్టించి, నిద్రపోతే పాదం గీరి లేపేది. రెండు గుటకలు పది అయ్యాయి. అయితే, నాకు అంతా తానే నేర్పిందని పెరడంతా చెప్పుకుంది కూడా. నిజమే గానీ చెప్పుకోవలసిన అవసరం లేదు.

ఆదివారం మా ఆయన ప్రయాణం సంగతి తేల్చకముందే మా అత్త బస్సు దిగింది. బిడ్డను చుట్టడానికి మెత్తని పాత చీర చంకలో పెట్టుకుని నేరుగా పెరట్లోకి వచ్చింది. బిడ్డ పక్క భాగం ఆమె కాళ్ల మీద ఉంది.

"ఎవురు నువ్వు? మా బిడ్డకు నీళ్లు పోసేదానికి నువ్వెవురు?"

"నువ్వు వస్తావని సూసినాం. రాలే. అందుకని నేను."

"తల అట్ట తడిపితే పడిశం పడతాది."

"అయితే నువ్వే కూచో. రా."

మా అత్త కూర్చోలేదు. గోడ పట్టుకుంది. "కూచుంటే లెయ్యలేనప్పా. మోకాళ్లు మడవనియ్యవు. సంవత్సరమాయె" అన్నది.

మేమెవరం ఎరగని సంగతి అది. ఆమె రాకపోవడానికి గడప కన్నా మోకాళ్లే ఎక్కువ కారణమై ఉండవచ్చు. వచ్చి బిడ్డకు నీళ్లు పోయలేని అత్తగా కనబడడం ఆమెకూ ఇష్టం లేకపోయి ఉండవచ్చు. ఆ ఒక్క మాట చెప్పి పంపితే ఏం పోయేది? "చేతగాకుంటే" అని నాకు చెప్పి పంపింది, తనకు చేతగాదని మాత్రం చెప్పలేదు. నేను పీట తీసుకుపోయి ఆమె వెనక వేశాను. కూర్చోలేదు.

బిడ్డను తుడిచి నాకిచ్చారు. గదిలో నేను పాలిస్తుంటే మా అత్త గుమ్మంలో నిలబడి విన్నది. గుటకల చప్పుడు బయటికి వినబడుతున్నది. మా ఆయన సంచి సర్దుకుని "అమ్మా, మధ్యాహ్నం బస్సుకు…" అని మొదలుపెట్టాడు.

"ఏందీ బస్సు? తాగే బిడ్డను యాడికి లాక్కపోతావురా? ఈ చీర దూలానికి కట్టు, ఉయ్యాల అయితాది" అన్నది.

ఆ మధ్యాహ్నం ఒక్కతే వెళ్లిపోయింది. బిడ్డ ఒళ్లు చేస్తున్నదనో, పరవాలేదనో నాతో ఒక్క ముక్క అనలేదు. పెరట్లో మాత్రం పక్క భాగం ఆమె చెయ్యి పట్టుకుని, "తల్లినీ పిల్లనూ, నా బిడ్డలు ఇద్దరినీ సూసుకో అమ్మీ" అన్నది. ఆ మాట నాతో అనవలసింది. ఉయ్యాల తాడు పట్టుకుని కిటికీలోంచి విన్నాను.