ఆరోగ్యం శకటు బలి

ముసునూరు ఆరోగ్యం మామిడితోటల్లో చిక్కంతో కాయలు కోసేవాడు. చెట్టు మీద ఎంత కుదురో, చదరంగం బల్ల ముందు అంత తొందర మనిషి. అవతలివాడు రాజును మూలకు చేర్చి, పక్కన ఏనుగును కాపలా పెట్టి కోట కట్టుకున్నాడా, ఇక ఇతని చేతులు ఊరుకోవు. పదో ఎత్తు రాకుండానే ఐమూలగా నడిచే తన శకటును తీసుకెళ్ళి కోట ముందున్న బంటు మీద పడేసేవాడు. శకటు పోయేది, కోటగోడ కూలేది. అవతలివాడు కంగారుపడి తప్పు మీద తప్పు చేసి ఓడిపోయేవాడు.

"ఆలస్యం అమృతం విషం" అనేవాడు మీసం దువ్వుకుంటూ.

నూజివీడు క్లబ్బులో లెక్కల మాస్టారు వెంకటకృష్ణారావు గారు మాత్రం నవ్వేవారు. "నిదానమే ప్రధానం ఆరోగ్యం. కంగారుపడేవాళ్ళ మీదే నీ బలి పనిచేస్తుంది. కుదురుగా కూర్చున్నవాడి ముందు నీ శకటు దండగే."

ఆ మాట ఆరోగ్యానికి ముల్లులా దిగింది. తన ఆట కంగారువాళ్ళ మీద బతికే ఆటా?

1983 జూన్‌లో, కోతలు ముగిశాక, క్లబ్బు పోటీలో వీళ్ళిద్దరే ఫైనల్‌కి వచ్చారు. గెలిచినవాడు జిల్లా పోటీకి బందరు వెళతాడు. బందరులో ఆడాలని ఆరోగ్యానికి ఇరవై ఏళ్ళ కోరిక.

మాస్టారు కోట కట్టారు. ఆరోగ్యం గుర్రం కోట దగ్గరికి చేరడానికి ఇంకొక్క గంతు ఉంది. ఆగాడా? ఆగితే ఆరోగ్యం ఎందుకవుతాడు! తొమ్మిదో ఎత్తుకే శకటు ఇచ్చేశాడు. మాస్టారు దాన్ని కొట్టారు. ఆరోగ్యం మంత్రి కోటలోకి దూసుకొచ్చి రాజుకు ఎసరు పెట్టింది.

మాస్టారి నుదుట చెమట పట్టింది. చటుక్కున రాజును ఎత్తి, గుర్రంలా దూకించి కోట బయట పెట్టారు.

క్లబ్బంతా ఘొల్లుమంది. ఆ చుట్టుపక్కల అందరూ చిన్నప్పుడు అరుగుల మీద నేర్చింది నాటు ఆట. అందులో కోట లేదు, దానికి బదులు రాజు ఒక్కసారి గుర్రంలా దూకొచ్చు. క్లబ్బులో ఆడేది ఇంగ్లీషు పద్ధతి. ఎంత పుస్తకాలు చదివిన మాస్టారైనా, ప్రాణం మీదకొచ్చేసరికి చెయ్యి చిన్ననాటి అరుగు మీదకే పోయింది.

"మన క్లబ్బులో తప్పు ఎత్తు వేస్తే ఆట పోయినట్టే. ఆరోగ్యం గెలిచాడు" అన్నాడు సెక్రటరీ హనుమయ్య.

ఆరోగ్యం గుండె ఎగిరి గంతేసింది. బందరు! అంతలోనే బల్ల వంక చూశాడు. ఆట ఇంకా మిగిలే ఉంది.

"వెనక్కి తీసుకోండి మాస్టారూ" అన్నాడు. "సరైన ఎత్తు వెయ్యండి. లేకపోతే నా శకటు పనిచేసిందో లేదో నాకెట్టా తెలుస్తుందండీ?"

కందకు లేని దురద కత్తిపీటకెందుకని హనుమయ్య ఊరుకున్నాడు.

మాస్టారు రాజును మళ్ళీ కోటలో పెట్టి, పావుగంట కదలకుండా కూర్చున్నారు. ఆ తర్వాత తన శకటును వెనక్కి లాగి ఆరోగ్యం మంత్రికి ఎదురు నిలిపారు. మంత్రి పారిపోక తప్పలేదు. సాయానికి రావలసిన గుర్రం ఇంకా ఒక్క గంతు వెనకే ఉంది. ముప్పై ఎత్తులకు ఆరోగ్యం ఓడిపోయాడు.

మాస్టారు రెండు చేతులతో అతని చెయ్యి పట్టుకున్నారు.

ఇంటికెళ్ళి జరిగిందంతా చెబితే భార్య కృపావతి మండిపడింది. "బందరు బందరని ఇరవై ఏళ్ళు నా చెవులకు చిల్లులు పొడిచావే! చేతికొచ్చింది వదిలేస్తావా?"

"వదిలేశాను." ఏడుపొచ్చింది. దాచుకోలేదు, తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. "అట్టా బందరు పోతే, అక్కడ శకటు ముట్టుకునేటప్పుడు అది పనిచేస్తుందో లేదోనని అనుమానం పీకేదే. ఇప్పుడు తెలిసిపోయింది. గుర్రం వచ్చాక ఇచ్చానంటే ఏ కోటా నిలవదు. చూస్తూ ఉండు."