సొరబుర్రలోని నీళ్ళు

కుమాసీ ఊళ్ళో అదుసే తుమ్మితే వెండి రాలుతుంది. నవ్వకండి. అతనికి జలుబు చేయాలని మొక్కుకున్న కంసాలులున్నారు. పెళ్ళయిన కొత్తలో భార్య ఆఫ్రియే చేట పట్టుకుని వెనకే తిరిగేదట.

కాలేజీ ప్రయోగశాలలో అతని పనీ అదే, కాస్త మర్యాదగా. వెండి ఉప్పు కలిపిన నీళ్ళు సీసాలో ఉన్నన్నాళ్ళూ బద్ధకంగా పడుంటాయి. వాటినే సన్నటి గొట్టంలోంచి పొగమంచులా చిమ్మితే, కంటికి ఆనని ఆ తుంపరల్లో ఏం పౌరుషం పుడుతుందో గానీ, మరే మందూ కలపకుండానే గాజుపలక మీద వెండి నలుసులు తేలతాయి. "మనుషులూ అంతేరా! గుంపులో ఉంటే కునుకు, విడదీస్తే పని," అనేవాడు తోటి పనివాడు కొడువా.

ఆ ఏడు వానల్లో అదుసేకి ఆడపిల్ల పుట్టింది. తన తల్లి పేరు సేవా అని పెట్టాలనుకున్నాడు. ఎనిమిదో రోజు పొద్దున బిడ్డ నాలుక మీద ఓ చుక్క నీళ్ళు, ఓ చుక్క సారా వేసి, "నీళ్ళయితే నీళ్ళనే చెప్పు, సారా అయితే సారా అనే చెప్పు" అని పేరు పెడతారు. అందాకా బిడ్డ ఇంటి మనిషి కాదు, చూసిపోదామని వచ్చిన చుట్టం. ఏడో రోజు సాయంత్రం ఆ చుట్టం వెళ్ళిపోయింది.

అత్తగారు వేరుశనగ పులుసు తెచ్చి ముందు పెట్టింది. "తిను నాయనా. పండగనాటిలా తెల్లబట్ట కట్టుకో. ఏడ్చామంటే అలుసైపోయి మళ్ళీ మళ్ళీ ఇలాగే వచ్చి పోతుంది."

"పేరన్నా పెట్టి..."

"ఉండనిదానికి పేరెందుకు? అదిగో, ఆఫ్రియే తినడం లేదూ?"

ఆఫ్రియే గిన్నెలోంచి తల ఎత్తకుండా తింటోంది. అదుసే కూడా తిన్నాడు.

తెల్లవారాక, పేరు పెట్టడానికని పట్టి ఉంచిన నీళ్ళ సొరబుర్రను చంకన పెట్టుకుని పనికి పోయాడు. ఆ నీళ్ళే గొట్టంలో పోసి పలక మీదికి చిమ్మాడు. పెదవులు కదిలాయి.

"ఏరా తెల్లబట్టల పెళ్ళికొడకా, ఉప్పు వేయడం మరిచావు!" అని గుమ్మంలోంచి కేకేశాడు కొడువా.

"మరవలేదు."

కొడువా సొరబుర్రను చూశాడు. తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాడు.

ఇక ఊరు చెప్పే కథ వినాలి. పలక మీద పసిపాదం వెండితో అచ్చు పడిందట, చిటికెన వేలి గోరుతో సహా! అరటికాయలమ్మే ఆడవాళ్ళు కళ్ళారా చూశామని ఒట్లు పెట్టేవాళ్ళు. ఆ మాట ఆఫ్రియే చెవినీ పడింది. అన్నం వడ్డిస్తూ, అవునంటే చాలన్నట్టు అడిగింది. "పాదం కనబడిందట కదా?"

అదుసే చేయి కడుక్కుని అన్నాడు: "లేదు. పేరు పిలిచాను. అవి ఉట్టి నీళ్ళు. పలక తడిసింది, ఆరిపోయింది."