నాది గర్భసంచి ఆపరేషన్ కాదు

నాకు గర్భసంచి తీసేశారని ఆళ్లగడ్డలో మా వీధంతా చెప్పుకుంటుంది. తీయలేదు. అది ఉండాల్సిన చోటే ఉంది. నాకు వచ్చింది కుడి గజ్జలో నీటిబుడగ, దాని పక్కనే హెర్నియా. ఈ రెండు ముక్కలు బయట చెప్పడానికి మా ఇంట్లో ఎవరికీ నోరు రాలేదు.

మొదట నిమ్మకాయంత వాపు. దగ్గితే ఉబ్బేది, పడుకుంటే కొంచెం తగ్గేది. దాచుకోలేదు నేను. మా పెద్ద తోడికోడలిని పిలిచి, వంటింటి తలుపు వేసి చూపించాను.

"కాలికి యాడో దెబ్బ తగిలింటాదిలేమ్మే. అందుకే బిళ్ళ కట్టింది."

"యాడ తగిలిందక్కా? నువ్వే ఎతుకు."

నా పాదాలు ఒళ్ళో పెట్టుకుని వేళ్ళ సందులన్నీ వెతికింది. గాయం లేదు. మా వైపు గజ్జల్లో బిళ్ళ కట్టిందంటే కాలికి పుండు ఉండి తీరాలి. చివరికి మడమ మీద పగులు ఒకటి పట్టుకుని, "ఇదో, ఇదే" అని, వాపు మీద సున్నం, బెల్లం కలిపి పట్టు వేసింది. చర్మం పొక్కింది. వాపు అట్లే ఉంది.

మా ఆయనకు ఎరువుల అంగడి ఉంది. నేను అక్కడికే పోయి, హెర్నియానేమో, డాక్టరుకు చూపించుకుందామంటే నవ్వాడు.

"అది మూటలు మోసే మొగోళ్ళకు వచ్చేది. నువ్వేం మూటలు మోసినావ్?"

"ఇన్నేండ్లు నిన్ను మోస్తాండా గదా."

అంగట్లో హమాలీ నవ్వాడు. ఆయన నవ్వలేదు.

ఒక్కదాన్నే నంద్యాల పోయి స్కానింగ్ తీయించుకున్నాను. "చిన్నప్పుడే మూసుకుపోవాల్సిన సన్నని దారి మీకు మూసుకోలేదమ్మా. అందులో నీళ్ళు చేరాయి. ఆడవాళ్ళలో అరుదు" అన్నారు డాక్టరమ్మ. తిరుగు బస్సు శిరివెళ్ల దాటేదాకా 'అరుదు' అన్న మాటే నమిలాను. ప్రాణానికి భయం లేదని సంతోషించాల్సింది పోయి, నాలాంటిది ఇంకొకతె దొరకదనే దిగులు పట్టుకుంది.

ఆపరేషన్‌కు ఆయన వచ్చాడు, కాదనను. వార్డు బయట నిలబడి చుట్టాలకు ఫోన్లు చేస్తుంటే విన్నాను. ప్రతి ఫోన్లోనూ గర్భసంచే.

లోపలికి రాగానే అడిగాను. "ఏందయ్యా ఆ అబద్ధం?"

"మరేమని చెప్పాల? గజ్జల్లో అని నలుగురికీ చెప్పేకయితాదా?"

ఇంటికి వచ్చాక ఆపిల్ పండ్లు పట్టుకుని ఆడవాళ్ళంతా వచ్చారు. గర్భసంచి తీయించుకోని వాళ్ళు వాళ్ళల్లో తక్కువ. నడుముకు ఏం కట్టుకోవాలో, ఒంట్లో ఎప్పుడు మంటలు పుడతాయో, ఒకరి మాట ఇంకొకరు అందుకుని చెప్పారు. ఎంత ప్రేమగా చెప్పారో! అందులో ఒక్క ముక్కా నాది కాదు. "నాది అది కాదమ్మా" అన్నాను. "మత్తు ఇంకా దిగల్యా" అంది తోడికోడలు. అందరూ జాలిగా తల ఊపారు. ఎవరితోనైనా వాదించి గెలిచేదాన్ని, ఆ జాలితో వాదించలేకపోయాను.

కోత పెట్టిన పక్క తొడ పైభాగం ఇప్పటికీ మొద్దుబారినట్లే ఉంటుంది. మెల్లగా పోతుందన్నారు డాక్టరమ్మ. ఆ మాట, అది అనుభవించి తేరుకున్న ఆడదాని నోటి నుంచి వినాలని నాకు. ఈ చుట్టుపక్కల అట్లాంటిది ఒక్కతైనా ఉందా? ఉంటే, ఆమె ఇంటివాళ్ళు దానికి ఏం పేరు పెట్టి దాచారు?