చేన్లు లేని పటం

ఇందిరాబాయి ఆదోనిలో పుట్టి పెరిగిన మనిషి. 1975లో గోనెగండ్ల దాటాక వచ్చే ఒక పల్లెకు పంతులమ్మగా వెళ్లింది. హులిగమ్మ అనే పెద్దావిడ ఇంట్లో ముందుగది అద్దెకు తీసుకుంది. మొదట్లో హులిగమ్మ రోజూ చెంబుడు మజ్జిగ ఇచ్చేది.

నాలుగో తరగతికి రాష్ట్రపటం చెప్పాలి. బడిలో పటం లేదు. ఇందిరాబాయి నల్లబల్ల మీద సుద్దతో రాష్ట్రం గీసి కోస్తా, తెలంగాణ, రాయలసీమ ఏవో చూపించింది. సీమకు పడమటి అంచున చుక్క పెట్టి, మన ఊరు ఇదే అంది. పిల్లలు నమ్మలేదు. ఊరి పెద్ద రైతు దేవేంద్రప్ప కూతురు మద్దమ్మ లేచి నిలబడింది.

"అంత సిన్న సుక్కలో మా ఇల్లు యాడ పడతాదమ్మా?"

ముందు ఊరిని గీయడం నేర్పితే రాష్ట్రం తర్వాత అర్థమవుతుందనుకుంది ఇందిరాబాయి. మరునాడు పొద్దున్నే పిల్లల్ని బయటికి తీసుకెళ్లి, సూర్యుడికి ఎదురుగా నిలబెట్టి దిక్కులు చెప్పింది. ఒక తాడు ఇచ్చి బడి నుంచి బావికి, బావి నుంచి ఊరి పక్కన పారే వంకకు, అక్కడి నుంచి చేన్ల గట్ల దాకా కొలిపించింది. ఎర్రనేల ఎక్కడ ఆగి నల్లరేగడి ఎక్కడ మొదలవుతుందో చూపించింది.

అవి సీలింగు రోజులు. పరిమితికి మించి భూమి ఉన్నవాళ్లు ప్రభుత్వానికి లెక్క చెప్పి మిగులు వదులుకోవాలి. దేవేంద్రప్ప కొన్ని చేన్లు బంధువుల పేర్ల మీదికి మార్చాడని ఊళ్లో గుసగుస. అలాంటి చోట కొత్త మనిషి తాడు పట్టుకుని గట్ల వెంట తిరిగితే ఏమనుకుంటారో ఆమెకు తట్టలేదు.

మజ్జిగ ఆగిపోయింది. బావి దగ్గర ఆమెను చూడగానే ఆడవాళ్లు మాటలు ఆపేసేవారు. బడికి వచ్చే పిల్లలు తగ్గారు. ఒక సాయంత్రం గదికి వచ్చేసరికి పెట్టెలో చీరల మడతలు మారి ఉన్నాయి. ఏదీ పోలేదు. దొంగయితే ఏదో ఒకటి పట్టుకుపోయేవాడు. ఎవరో వెతికారు. అప్పటి నుంచి ఆమెకూ అనుమానం పట్టుకుంది. హులిగమ్మ వాకిలి ఊడుస్తున్నా తన గదివైపే కన్నేసినట్టు ఉండేది. బడి కిటికీ దగ్గర నీడ కదిలితే చెప్పే పాఠం తడబడేది.

చివరికి హులిగమ్మే అడిగింది. "నిజం సెప్పమ్మా. నిన్ను ఎవురు పంపినారు?"

తనను భూముల లెక్క తీయడానికి సర్కారు పంపిన మనిషి అనుకుంటున్నారని అప్పటికి అర్థమైంది. ఇందిరాబాయి నేరుగా దేవేంద్రప్ప ఇంటికి వెళ్లింది. ఆయన కూర్చోమనలేదు. కోస్తాలో కాలవలు పారుతుంటే మన సీమకు వాన ఎందుకు తక్కువో పిల్లలకు తెలియాలంటే పటం చదవడం రావాలని ఆమె చెప్పుకుంది.

"వాన పడదని తెల్సుకునేకి పటమెందుకమ్మా? ఆకాశం సూస్తే సాల్దా?" అన్నాడాయన. మళ్లీ ఆయనే, "ఊరు గీసుకోండి. సేండ్లు మాత్రం వద్దు" అన్నాడు.

"నన్ను నమ్మలేదా అన్నా?"

"నమ్మేకి నువ్వెవురో నాకు తెల్దు."

చేన్లు గీయకూడదన్న మాటకు ఆమె ఒప్పుకుంది. మెల్లగా పిల్లలు తిరిగొచ్చారు. తెల్ల కాగితాలు అంటించి ఇళ్లు, బావి, అంగడి, వంక, గోనెగండ్ల దారి గీశారు. ఊరి చుట్టూ అంతా ఖాళీగా వదిలేశారు.

ఎండలు ముదరకముందే కొలతల అధికారులు నిజంగానే వచ్చారు. పంతులమ్మే పిలిపించిందని ఊరంతా అనుకుంది. జీపు బడి ముందు ఆగింది. మంచినీళ్లకని లోపలికి వచ్చిన అధికారి గోడ మీది పటం చూశాడు. ఆయన వెనకే వచ్చిన దేవేంద్రప్ప గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

వంక ఉంది, బావి ఉంది, చేన్లేవని అధికారి పిల్లల్ని అడిగాడు.

"గీయొద్దన్నారు సార్" అంది మద్దమ్మ.

"ఎవరన్నారు?"

అధికారి గొంతు మారింది. మద్దమ్మ తండ్రి వైపు చూసి తల దించుకుంది. ఇందిరాబాయి తలెత్తి చూసింది. తనను ఇన్నాళ్లు వెలివేసినట్టు చూసిన మనిషి గుమ్మంలో ఉన్నాడు. ఒక్క పేరు చెబితే చాలు. కానీ ఆయన భూముల గురించి ఆమె విన్నదంతా గుసగుసే. పైగా ఆయన బిడ్డ ఎదురుగా నిలబడి ఉంది.

"పటం ఇంకా పూర్తి కాలేదు సార్. ఊరయింది. చేన్లు ఇంకా గీయాలి" అంది.

అధికారి ఆమెను, దేవేంద్రప్పను మార్చి మార్చి చూసి, నీళ్లు తాగి వెళ్లిపోయాడు. ఆ కొలతల్లో ఏం తేలిందో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

కొన్నాళ్లకు దేవేంద్రప్ప బడికి వచ్చాడు. ఆ పొద్దు తన పేరు ఎందుకు చెప్పలేదని అడిగాడు.

"ఆయన అడిగింది పటం సంగతి. నేను దాని గురించే చెప్పినాను."

ఆయన గోడ మీది పటం దగ్గరికి నడిచాడు. "అట్లయితే సేండ్లు గూడా గీపించు" అన్నాడు. అవి గీస్తున్నన్నాళ్లూ ఏదో పని ఉన్నట్టు బడి చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు.

1982లో ఎమ్మిగనూరికి బదిలీ అయ్యేదాకా ఇందిరాబాయి అక్కడే పనిచేసింది. ఊరివాళ్లు పెండ్లిళ్లకు పిలిచేవారు, జబ్బు చేస్తే వచ్చి చూసేవారు. భూమి మాట వస్తే మాత్రం ఆమె ముందు గొంతు తగ్గించేవారు.