కుట్లు కనబడిన ఏనుగు

నా చిన్నప్పుడు మా ఊళ్లో తెల్లకోళ్లు కూడా ఎర్రగానే తిరిగేవి. బళ్లారి చుట్టూ గనుల పని జోరందుకున్న కాలమది. లారీలు లేపిన ఎర్రదుమ్ము మా అన్నం కంచాల దాకా వచ్చేది. మా అవ్వ గనిలో ఇనుపరాయిని సుత్తితో చిన్న ముక్కలుగా కొట్టే ఆడవాళ్ల జట్టులో ఉండేది. పక్కింటి అక్కదీ అదే జట్టు. సాయంత్రానికి ఎవరి కుప్ప వాళ్లు పోస్తే మేస్త్రీ వచ్చి చూసుకునేవాడు.

ఆ ఎండాకాలం అక్క పాదం మీద రాయి పడింది. పుండు మానకముందే పనిలోకి వచ్చింది గానీ, ఆమె కుప్ప సగానికి మించి లేచేది కాదు. ఇంకో రెండు రోజులు చూసి జట్టులోంచి తీసేస్తానన్నాడు మేస్త్రీ. అక్కకు చంటిబిడ్డ, వేరే ఆధారం లేదు. అందరికీ జాలే, కానీ ఎవరి భయం వాళ్లది.

సెలవు రోజున జట్టంతా లారీ ఎక్కి బళ్లారి కంటోన్మెంటులో మ్యాట్నీ సినిమాకి పోయాం. అక్కను అవ్వే బలవంతంగా తీసుకొచ్చింది. ఆదిమానవుల కథ. అందులో ఎవరూ మాట్లాడరు, గుర్రుమంటారంతే. అందుకని తెలుగువాళ్లకూ కన్నడం వాళ్లకూ పేచీ లేకపోయింది. సినిమా మాత్రం నాసిరకం. బొచ్చు ఏనుగు పొట్ట కింద కుట్లు కనబడ్డాయి. గుహలో మనిషి మణికట్టు మీద గడియారం తీసేసిన తెల్లటి మచ్చ. హాలంతా ఈలలు.

ఒకచోట మంచులో నడుస్తున్న గుంపులో కుంటి ముసలాయన వెనకబడ్డాడు. నాయకుడు చెయ్యి ఊపి అందరినీ ముందుకు పొమ్మన్నాడు. ఒక ఆడమనిషి మాత్రం వెనక్కి వెళ్లి ఆయన్ను వీపు మీదికెత్తుకుంది. అప్పుడే ముసలాయన పెట్టుడు గడ్డం ఊడి వేలాడింది. నేను పడీపడీ నవ్వుతుంటే అవ్వ నా చెయ్యి గట్టిగా నొక్కింది. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. ఎందుకో తెలియకపోయినా నాకు సిగ్గేసింది.

తిరుగు లారీలో ఒకామె, "ఏం సినిమానో, ఏనుక్కి కుట్లేసినారు" అని నవ్వింది.

"కుట్లు నేనూ సూసినాలేమ్మా," అంది అవ్వ. "ఆయమ్మ ఎనక్కి పోయింది మీరెవురూ సూడలేదా?"

అక్క తలొంచుకుని కాలికట్టు సర్దుకుంది.

మరునాడు సాయంత్రం అవ్వను పిలుచుకురావడానికి గనికి వెళ్లాను. మేస్త్రీ వచ్చే వేళకు అవ్వ తన ఆఖరి గంప ఎత్తుకుని, తన కుప్పకు కాకుండా అక్క కుప్ప మీద కుమ్మరించింది.

అక్క కంగారుగా, "వద్దత్తా" అంది.

"ఊరికుండు. నీ కాలు బాగైనాక నా కుప్పకు పోస్తువులే."

తర్వాత గంప తెచ్చింది ఏనుగు కుట్లకు నవ్విన ఆమే. ఆమె వెనక ఒక్కొక్కరే వచ్చారు. మేస్త్రీ ఆ కుప్ప చుట్టూ తిరిగి అందరి మొహాలూ చూశాడు. "సాలిందా లేదా సూసుకోప్పా" అంది అవ్వ. అతను పక్క కుప్పకు పోయాడు. అక్క కాలు మానేదాకా రోజూ ఆఖరి గంపలు ఆమె కుప్పకే పోయాయి.

ఆ సినిమా పేరు నాకిప్పుడు గుర్తులేదు. టీవీలో అలాంటివి వస్తే మనవళ్లు తప్పులు పట్టి నవ్వుతారు, నేనూ హాయిగా నవ్వుతాను. కానీ నలుగురితో కలిసి ఎక్కడికి నడిచినా మధ్యలో ఒకసారి ఆగి వెనక్కి చూస్తాను. "ఏందవ్వా?" అంటారు పిల్లలు.

"ఏం లేదప్పా. అందరూ వస్తాండారా అని."